పాత అంబాసిడర్‌కు డిస్కు బ్రేకులా? ముందు చక్రం విప్పి చూడండి

మామిడిపల్లి: 2008లో శంషాబాద్ విమానాశ్రయం వచ్చాక ఈ చుట్టుపక్కల రోడ్లపై వాహనాల వేగం పెరిగింది. పాత అంబాసిడర్లకు మాత్రం నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. శ్రీశైలం ఘాట్ దిగేటప్పుడు పదేపదే తొక్కితే అవి వేడెక్కి పట్టు సడలుతుంది. వానలో తడిసినా అంతే.

ముందు చక్రాలకు డిస్కు కిట్టు బిగించదలచినవారు చౌక ధర చూసి మోజుపడరాదు. కాలిపర్ రిమ్ములో ఇమడాలి, హబ్బు బోల్టులు కలవాలి. అసలు తిరకాసు మాస్టర్ సిలిండర్‌దే. డ్రమ్ముల కోసం గొట్టంలో కాస్త ఒత్తిడి నిలిపే వాల్వు అందులో ఉండిపోతే ప్యాడ్లు డిస్కును వదలవు. చక్రం పట్టేసి కాలిపోతుంది. డిస్కులకు పెడల్ గట్టిగా తొక్కాలి, కనుక బూస్టర్ కూడా అవసరమే. బిగించేముందు రవాణా కార్యాలయంలో విచారించుకోవాలి. ప్యాడ్లు రేపు ఎక్కడ దొరుకుతాయో కొట్టువాణ్ణి ఇప్పుడే అడగాలి; అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది.