కూతురి భాగము – తల్లి భాగము

సోదరీమణులారా! ఆస్తిలో ఆడుబిడ్డకు భాగమున్నదా లేదా యను వాదము చట్టమునందు ముగిసినది. ఇండ్లలో మాత్రము ముగియలేదు. ఈ చట్టము వలన పుట్టిండ్లు చెడిపోవుచున్నవని కొందరందురు. పూర్వగ్రంథములన్నియు స్త్రీకి శత్రువులనియు, చట్టమొక్కటే మనకు దిక్కనియు మరికొందరందురు. నేను బడిపంతులుగారి భార్యను; కచేరీల వ్యవహార మెరుగనిదానను. మా నాన్నగారు అరుగుమీద కూర్చుండబెట్టి చెప్పిన స్మృతిపాఠములును, రెండేండ్ల క్రిందట మా యింట జరిగిన యొక సంగతియు నాకు తెలియును. ఆ రెంటిని ఆధారము చేసికొని, ఈ వాదమున నెవ్వరును తలపెట్టని తల్లిని గురించి నాలుగు మాటలు విన్నవించుచున్నాను.

నాన్నగారు గతించిన పదునాల్గవనాడు, చుట్టములింకను ఇంటనుండగనే, మా యన్నయ్య యొక హక్కు విడుదల దస్తావేజు తెచ్చి నా ముందుంచెను. మాకు పిత్రార్జితమైన మాగాణి తొమ్మిది యెకరములు కలదు. సంతానము అన్నయ్యయు నేనును ఇద్దరమే. మా మేనత్త ప్రక్కన నిలిచి, “సంతకము పెట్టవే తల్లీ, ఆడపిల్లకు పొలముకంటె పుట్టింటి గడప ముఖ్యము” అనెను. నాకును ఆ మాట సబబుగనే తోచి కలము చేతికి తీసికొంటిని. అప్పుడు కాగితము అడుగున, అప్పటికే పెట్టియున్న మా యమ్మ సంతకము కంటబడెను. గీతలన్నియు వణకియుండెను.

“అమ్మా, ఇది చదివితివా?” అని అడిగితిని.

“అన్నయ్య పెట్టమన్నాడు, పెట్టితిని” అనెను.

నేను కలము క్రింద పెట్టితిని. అన్నయ్య నొచ్చుకొని, “అమ్మను నేను చూడననుకొంటివా?” అనెను. ఆయన చెడ్డవాడు కాడు, తప్పక చూచును. “చూచెదవు, అన్నయ్యా. కాని అది నీ దయగా నుండవలెనా, అమ్మ హక్కుగా నుండవలెనా?” అంటిని. ఆనాడు మరి మాటలు సాగలేదు.

ఇంటికి వచ్చి చట్టము సంగతి విచారించితిని. 1937వ సంవత్సరపు చట్టము భర్తను గోల్పోయిన స్త్రీకి ఉమ్మడి యాస్తిలో భర్తకుగల హక్కును ఆమె జీవితకాలమువరకే యిచ్చెను. స్వేచ్ఛగా అమ్ముకొను నధికారము లేదు. 1956వ సంవత్సరపు హిందూ వారసత్వ చట్టము ఆ కట్టును తొలగించి, స్త్రీ యాస్తికి ఆమెయే సంపూర్ణాధికారిణి యనెను. అయినను అప్పటికి కూతురు పుట్టుకతో భాగస్వామిని కాలేదు. తండ్రి పాలులో మాత్రమే ఆమెకు అంశము దొరకెను. 1985 సెప్టెంబరు 5వ తేదీనుండి అమలైన ఆంధ్రప్రదేశ్ సవరణము, అప్పటికి పెండ్లికాని కుమార్తెలకు కొడుకులతో సమానముగా జన్మహక్కు నిచ్చెను. 2005 సెప్టెంబరు 9వ తేదీన ఆ హక్కు దేశమంతటికిని వచ్చెను. పెండ్లియైనదా కానిదా యను భేదము పోయెను. ఆనాటికి తండ్రి జీవించి యుండవలెనన్న నియమము లేదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చెను.

ఇంతవరకు సంతోషమే. ఇక లెక్క చూడుడు. మాదివంటి కుటుంబము: భార్య, ఒక కొడుకు, ఒక కూతురు, పిత్రార్జితము 9 ఎకరములు, వీలునామా లేదు. 1956 నాటి పద్ధతిలో, తండ్రి బ్రతికియుండగా పంచినట్లు భావించి, తండ్రికి 4½, కొడుకునకు 4½ లెక్కించెదరు. తండ్రి పాలు మూడై, తల్లికి 1½, కూతురికి 1½, కొడుకునకు మరి 1½ చేరును. నేటి పద్ధతిలో మొదట తండ్రికి 3, కొడుకునకు 3, కూతురికి 3. దక్షిణదేశపు వాడుకలో ఈ పంపకమున భార్యకు వేరు పాలు లేదు. తండ్రి పాలైన 3 ఎకరములే మరల మూడగును. తుదకు కొడుకునకు 4, కూతురికి 4, తల్లికి 1. కూతురి పాలు ఎకరమున్నర నుండి నాలుగెకరములకు పెరిగినది. తల్లి పాలు ఎకరమున్నర నుండి ఎకరమునకు తగ్గినది! తండ్రి స్వార్జితమునందు మాత్రము, వీలునామా లేనిచో, భార్యకు బిడ్డలతో సమానమైన పాలు కలదు.

ఈ లెక్క చూచి నేను నిర్ఘాంతపోయితిని. నా హక్కు పెరిగినదని మురిసితినేకాని, అందు కొంత మా యమ్మ ఒడినుండి వచ్చినదని యెరుగనైతిని.

నాన్నగారి పుస్తకముల పెట్టె తెరచి యాజ్ఞవల్క్యస్మృతి తీసితిని. తండ్రి తరువాత కొడుకులు పంచుకొనునపుడు తల్లియు సమానాంశము గ్రహింపవలెనని అందు కలదు. ఆ చెంతనే, పెండ్లికాని అప్పచెల్లెండ్రకు సోదరులు నాలుగవవంతు ఇయ్యవలెననియు కలదు. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన వ్యాఖ్యయే మితాక్షర. దానిని 13వ శతాబ్దమున కేతన మన తెలుగులోనికి తెచ్చెను. తల్లి సమభాగమును పోషణమునకు చాలినంతగా కుదించినది దక్షిణమున వ్యాపించిన స్మృతిచంద్రిక మతము. కావున తల్లికి లోటు చేసినది మూలగ్రంథము కాదు. తరువాతి వ్యాఖ్యయు, దానిని పట్టుకొని సాగిన వాడుకయు. పూర్వులను నిందించువారును, పూర్వుల పేరు చెప్పి ఆడువారిచే సంతకములు పెట్టించువారును ఈ రెండు వాక్యములను చదువవలెను.

మా వారిని అడుగగా, “నీ పుట్టింటి సంగతి నీవే తేల్చుకొనుము, నాకు ఆ పొలముపై ఆశ లేదు” అనిరి. నేను అన్నయ్యకు ఉత్తరము వ్రాసితిని: “నీవొక యెకరము, నేనొక యెకరము అమ్మ పాలులో కలుపుదము. ముగ్గురకు మూడేసి యెకరములు. నాన్నగారు చదివిన గ్రంథములో నున్నదే చేయుదము.”

ఆ సంక్రాంతికి పుట్టింటినుండి పిలుపు రాలేదు. పండుగనాడు ముగ్గు వేయుచు, మూడెకరములకై గడప పోగొట్టుకొంటినా యని కంట తడిపెట్టితిని. ఉగాదికి రెండు దినముల ముందు అన్నయ్య తానే వచ్చెను. మాటలెక్కువ లేవు. తరువాత ముగ్గురమును రిజిస్ట్రారు కచేరికి పోయి, ఆ ప్రకారమే పంపక దస్తావేజు వ్రాయించితిమి. నా పాలును అన్నయ్యయే కౌలుకు చేయుచున్నాడు. మా మేనత్త నాతో ఇంకను ముభావముగనే యున్నది. అమ్మ మాత్రము తొలి పంట డబ్బుతో నాన్నగారి పేర బడిపిల్లలకు పలకలు కొని పంచినది. ఒకరి నడుగకుండ తన చేతితో ఖర్చు పెట్టుట ఆమెకు జన్మలో అది మొదటిసారి.

సోదరీమణులారా! క్రొత్త చట్టము కావలెనని నేను కోరుటలేదు. ఒక చట్టము ఒకచోట కొరత తీర్చబోయి వేరొకచోట కొరత తెచ్చుట కలదు. ఆ గండిని పూడ్చవలసినది ఇంటివారే. ఆచారమునకు ప్రయోజనము అదియే. హక్కు వచ్చినచోటికి విధియు రావలెను. 2007వ సంవత్సరపు చట్టము తల్లిదండ్రుల పోషణభారమును కొడుకుతోపాటు కూతురిపైనను ఉంచినది. ఆస్తి దానము చేయు పెద్దలు పోషణషరతును దస్తావేజులోనే వ్రాయించినచో, అది తప్పినపుడు దానమును రద్దుచేయించుకొనుటకును అందు వీలు కలదు.

కాబట్టి పెద్దలుండగనే పంపకపు మాట అందరియెదుట తేల్చుకొనుడు. దుఃఖదినములలో ఏ కాగితముమీదను సంతకము చేయకుడు. మీ పాలు మీరు తీసికొన్నను, ప్రేమతో విడిచినను, ముందు ఒక్క ప్రశ్న వేయుడు: “అమ్మ పాలు ఎక్కడ?” ఆ ప్రశ్నకు సమాధానము దొరకిన యింట అన్నచెల్లెండ్ర తగవు సగము తీరినట్లే.