ఆదరణకర్త అనగా బొంతయా?



గుణదలలో ఇంగ్లీషు మీడియం చదివే ఒక సండేస్కూలు పాప నన్ను ఇట్లా అడిగింది: “అయ్యగారూ, ఆదరణకర్తను ఇంగ్లీషు బైబిల్లో కంఫర్టర్ అన్నారు గదా! మా డిక్షనరీలో కంఫర్టర్ అంటే బొంత అని ఉందండీ.” పిల్లలందరూ గొల్లున నవ్వారు. నేనూ నవ్వాను గాని ఇంటికి వచ్చి నిఘంటువు తెరిచాను. పాప చెప్పింది నిజమే. అమెరికాలో ఆ మాటకు దూది బొంత అని అర్థమున్నది. ఇంగ్లండులో మెడకు చుట్టుకొను ఉన్ని గుడ్డకూ, చంటిపిల్లల నోట పెట్టే రబ్బరు పీకకూ అదే పేరు.

మన బెజవాడలో కంఫర్ట్ అనగా మెత్తని సోఫా, ఏ.సి. బస్సు. అయితే పుట్టుకలో ఆ మాట ఇంత మెత్తనిది కాదు. లాటినులో ‘ఫోర్టిస్’ అనగా బలముగలది. అందులోనుండి వచ్చిన కంఫర్ట్‌కు మొదటి అర్థము బలపరచుట. 14వ శతాబ్దపు విక్లిఫ్ బైబిలులో, ఫిలిప్పీ 4:13లో మనము ‘బలపరచువాడు’ అని గ్రహించే చోట ఈ మాటే ఉన్నది. 1066 నాటి హేస్టింగ్స్ యుద్ధమును చూపే బాయో కుట్టుపని వస్త్రముమీద ఓడో అనే బిషప్పుగారు దుడ్డుకర్ర పట్టుకొని కుర్ర సైనికులను ముందుకు తరుముతుంటారు. ఆ బొమ్మపైన ఆయన చేస్తున్న పనికి రాసిన లాటిను మాట కూడ ఇదే! (మా సంఘ పెద్దలు ఇది చదివి నా చేతికి కర్ర ఇవ్వకుందురు గాక.)

యోహాను 14:16లోని గ్రీకు మాట పరాక్లేటోస్. పక్కకు పిలువబడినవాడు అని దాని భావము. 1 యోహాను 2:1లో అదే మాటను మన తెలుగు బైబిలు ‘ఉత్తరవాది’ అన్నది. మన ‘ఆదరణ’ నాకు మరీ ఇష్టము. “అత్తవారింట ఆ పిల్లకు ఆదరణ లేదు” అంటే సోఫా లేదని కాదు గదా, చేరదీసేవారు లేరని.

ఇది నేను పుస్తకములో నేర్చుకొన్నది కాదు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగింది. నీరు తీసిన తరువాత ఒక విశ్వాసి ఇంటికి పలకరింపుకు వెళ్లాను. ఇల్లంతా మోకాలెత్తు బురద మరక. కుట్టు మిషను తుప్పు పట్టింది, పిల్లల సర్టిఫికెట్లు ముద్దయిపోయాయి. నేను బైబిలు తెరిచి, యోబు శ్రమలు మొదలుకొని చెప్పుకొంటూ పోయాను. ఆమె కాసేపు ఓర్చుకొని, “అయ్యగారూ, ప్రార్థన తరువాత చేద్దురుగాని, ముందు ఈ మంచం ఆ కొస పట్టుకోండి” అన్నది.

సిగ్గుపడి లుంగీ ఎగగట్టి పట్టుకొన్నాను. నానిన టేకు మంచము, ఎంత బరువో! మెట్ల మధ్యలో దించాము. అంతవరకు కన్నీరు పెట్టని ఆ తల్లి అక్కడ కూలబడి ఏడ్చింది. నాకు ఒక్క వచనమూ నోటికి రాలేదు. పక్క మెట్టుమీద కూర్చున్నాను.

కొంతసేపటికి కొంగుతో ముఖము తుడుచుకొని లేచి, “ఇక పట్టండి అయ్యగారూ” అన్నది.