చైన్‌సా పదునంతా చిన్న ఆకురాయిలోనే!

2022 మే 30న ఢిల్లీని కుదిపేసిన గాలివాన వందలాది చెట్లను నేలకూల్చింది. జామా మసీదు గుమ్మటంపై ఉన్న కలశం సైతం విరిగిపడింది. ఇలాంటి ఈదురుగాలులు రాజధాని ప్రాంతానికి వేసవిలో కొత్తేమీ కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటినప్పుడు విశాఖపట్నం వాసులకూ ఇదే అనుభవం ఎదురైంది. రోడ్డుకు అడ్డంగా పడిన మానును తొలగిస్తేనే అంబులెన్సుకూ, కరెంటు సిబ్బందికీ దారి దొరుకుతుంది. ఆ పని చేసేది చైన్‌సా, అంటే ఇంజనుతో తిరిగే గొలుసు రంపం.

అయితే ఇంజను ఎంత శక్తిమంతమైనదైనా గొలుసు పళ్లు మొద్దుబారితే ప్రయోజనం ఉండదు. గాలివాన తర్వాత కరెంటు ఉండదు కాబట్టి విద్యుత్ సాన యంత్రమూ అక్కరకు రాదు. అప్పుడు ఆదుకునేది చేతిలో ఇమిడిపోయే గుండ్రటి ఆకురాయే. అది మంచిదో కాదో తేల్చేది లోహశాస్త్రం.

పళ్లు కాదు, చిన్న చిత్రికలు

చేతిరంపం పళ్లు చెక్కను గీరుతూ పొట్టు రాలుస్తాయి. చైన్‌సా పన్ను అలా కాదు. అది వడ్రంగి చిత్రికలా పనిచేస్తుంది. కొక్కెంలా వంగిన దాని అంచు చెక్కలోంచి పెచ్చును లేపుతుంది. నేటి గొలుసుల రూపానికి మూలం ఒక పురుగు. 1946లో అమెరికాలోని ఒరెగాన్ అడవుల్లో జోసెఫ్ కాక్స్ అనే కలప కార్మికుడు చెట్టు మొద్దును తొలుస్తున్న పెంకుపురుగు లార్వాను గమనించారు. దాని దవడలు చెక్కను ఎడమకూ కుడికీ కోస్తున్న తీరు చూసి, ఎడమ పన్ను, కుడి పన్ను మార్చి మార్చి ఉండే గొలుసును రూపొందించారు. 1947లో పోర్ట్‌లాండ్‌లోని తన ఇంట్లోనే దాని తయారీ మొదలుపెట్టారు.

ప్రతి పన్ను ముందూ ఒక చిన్న మొటిమ లాంటి భాగం ఉంటుంది. చిత్రికలో బ్లేడు ఎంత బయటికి ఉంటే అంత మందంగా చెక్క లేస్తుంది. ఇక్కడ ఆ లోతును నిర్ణయించేది ఈ మొటిమే. చాలా గొలుసుల్లో ఇది పన్ను అంచు కంటే సుమారు 0.65 మిల్లీమీటర్లు కిందికి ఉంటుంది.

పదునును మింగే ధూళి

గొలుసు సెకనుకు సుమారు 20 మీటర్ల వేగంతో, అంటే గంటకు 72 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంది. ఆ వేగంలో ఇసుక రేణువు తగిలినా అంచు దెబ్బతింటుంది. ఇసుకలోని క్వార్ట్జ్ గట్టిదనం మోస్ కొలమానంపై 7. గట్టిపరచిన ఉక్కుకు అది దాదాపు సమ ఉజ్జీ. ఢిల్లీ రోడ్ల పక్కన వేప, నేరేడు చెట్ల బెరడు మీద పేరుకునే ధూళిలో ఉండేది ఎక్కువగా ఇలాంటి ఖనిజాలే. మొదలు దగ్గర కోసేటప్పుడు మట్టి, సిమెంటు, మేకులు కూడా తగులుతాయి.

పదును పోయిందని పొట్టే చెబుతుంది. పెచ్చులు రాలుతుంటే గొలుసు బాగున్నట్టు. పిండిలాంటి పొడి రాలుతుంటే మొద్దుబారినట్టు. అప్పుడు రంపాన్ని బలంగా నొక్కాల్సి వస్తుంది. గొలుసు వేడెక్కుతుంది, చేతులు అలసిపోతాయి, పట్టు తప్పే ప్రమాదం పెరుగుతుంది.

ఆకురాయి గట్టిదనం ఎక్కడిది?

పేరులో రాయి ఉన్నా ఆకురాయి ఉక్కుదే. ఉక్కును అరగదీయాలంటే దానికంటే గట్టి ఉక్కు కావాలి. అందుకే ఆకురాళ్లను ఒక శాతానికి పైగా కార్బన్ ఉన్న ఉక్కుతో చేస్తారు. ఇంత కార్బన్ ఉన్న ఉక్కు తెలుగు నేలకు కొత్త కాదు. నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రం ఒకప్పుడు మూసల్లో కరిగించి తీసిన ఇలాంటి ఉక్కుకే పేరుపొందింది.

మెత్తగా ఉన్నప్పుడే కడ్డీపై పళ్లు చెక్కి, ఆ తర్వాత ఎర్రగా కాల్చి ఒక్కసారిగా చల్లార్చుతారు. నెమ్మదిగా చల్లారితే కార్బన్ పరమాణువులు ఇనుము స్ఫటికాల నుంచి బయటపడతాయి. హఠాత్తుగా చల్లార్చితే లోపలే చిక్కుకుపోయి స్ఫటికాన్ని సాగదీస్తాయి. మార్టెన్‌సైట్ అనే ఈ నిర్మాణమే ఆకురాయికి గట్టిదనాన్ని ఇస్తుంది.

నాసిరకం సరుకు తేలిపోయేది ఇక్కడే. కాల్చేటప్పుడు వేడి గాలి తగిలితే ఉపరితలం నుంచి కార్బన్ మండిపోతుంది. లోపలి ఉక్కు గట్టిగానే ఉన్నా పళ్ల కొనలు మెత్తబడతాయి. చూడటానికి తేడా తెలియదు కానీ నాలుగు పళ్లు రుద్దేసరికి జారడం మొదలవుతుంది. దీన్ని నివారించేందుకే తయారీదారులు ఉప్పు పూతలు, ఉప్పు ద్రవాల వంటి రక్షణలు వాడతారు.

కొనేముందు చూడాల్సినవి

పాత ఢిల్లీ చావ్‌డీ బజార్ లాంటి హార్డ్‌వేర్ వీధుల్లో ఆకురాయిని రేతీ అంటారు. గుండ్రటి రేతీ అని మాత్రమే అడిగితే కొనవైపు సన్నబడే మామూలు రకం చేతికి రావచ్చు. చైన్‌సా ఆకురాయి మాత్రం ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే లావు ఉండాలి. వెర్నియర్‌తో రెండు మూడు చోట్ల కొలిస్తే తెలిసిపోతుంది. అద్దంపై దొర్లిస్తే వంకర బయటపడుతుంది. వెలుతురులో చూసినప్పుడు పళ్ల కొనలు మెరుస్తుంటే అవి అప్పటికే అరిగినట్టు. ఒకదానికొకటి రాసుకునేలా డబ్బాలో పడేసిన వాటి కంటే విడివిడిగా కాగితంలో చుట్టినవి మేలు.

సైజు గొలుసు పిచ్‌ను బట్టి ఉంటుంది. వరుసగా మూడు రివెట్ల మధ్య దూరంలో సగమే పిచ్. 0.325 అంగుళాల పిచ్‌కు సాధారణంగా 4.8 మిల్లీమీటర్ల ఆకురాయి, చిన్న యంత్రాల్లోని తక్కువ ఎత్తు 3/8 గొలుసుకు 4 మిల్లీమీటర్లది, పెద్ద 3/8 గొలుసుకు తయారీ సంస్థను బట్టి 5.2 లేదా 5.5 మిల్లీమీటర్లది వాడతారు. లావు ఎక్కువైతే అంచు మొండిగా తయారై చెక్కను పట్టదు. తక్కువైతే కొక్కెం లోతుగా తెగి, పలచబడిన అంచు త్వరగా విరుగుతుంది.

రుద్దే తీరు

ఇంజను ఆపి, గొలుసు బ్రేకు వేసి, చేతి తొడుగులు వేసుకున్నాకే పని మొదలుపెట్టాలి. ఆకురాయి లావులో ఐదో వంతు పన్ను పైఅంచుకు ఎగువన ఉండాలి. పన్నుపై తయారీదారు గీసిన గీతే కోణానికి గుర్తు. చాలా గొలుసులకు అది 30 డిగ్రీలు. లోపలి నుంచి బయటికి, ఒకే దిశలో రుద్దాలి. పన్ను బయటి వైపు ఉండే క్రోమియం పూత ఉక్కు కంటే గట్టిది. అటునుంచి మొదలుపెడితే ఆకురాయే అరుగుతుంది. వెనక్కి తెచ్చేటప్పుడు నొక్కినా దాని పళ్లు పాడవుతాయి.

ఎడమ పళ్లకు ఎన్నిసార్లు రుద్దితే కుడి పళ్లకూ అన్నిసార్లే రుద్దాలి. లేకపోతే కోత ఒక పక్కకు వంకర తిరుగుతుంది. మూడు నాలుగుసార్లు పదును పెట్టాక మొటిమ ఎత్తును గేజితో చూసి, అవసరమైతేనే చదును ఆకురాయితో తగ్గించాలి. మరీ తగ్గిస్తే పన్ను ఒక్కసారిగా లోతుగా కొరికి, రంపం మనిషి మీదికి ఎగదన్నవచ్చు.

ఆకురాయికి నూనె మరకలు, తేమ తగలనీయకుండా పొడిగుడ్డలో చుట్టి ఉంచాలి. వానాకాలంలో తుప్పు ముందుగా తినేసేది సన్నటి పళ్ల కొనలనే. రుద్దినప్పుడు కరకరమని పట్టకుండా జారిపోతుంటే దాని ఆయుష్షు తీరినట్టే. అలాంటిదాన్ని పక్కనపెట్టి కొత్తది తీసుకోవాలి. అందుకే సహాయ బృందాల పెట్టెలో పెట్రోలు డబ్బా పక్కన సరైన సైజు ఆకురాళ్లు కూడా రెండు మూడు ఉండటం అవసరం.