ప్రింటరు ఉమ్మడి... పత్రాలు ఎవరివి వారివే!

రెండు కంప్యూటర్లున్న ఇళ్లు, దుకాణాలు తెలుసుకోవలసిన సంగతులు

పత్తి వ్యాపారానికి ఆదోని, చేనేతకు ఎమ్మిగనూరు పెట్టింది పేరు. కోసిగి, కౌతాళం, ఆస్పరి, పెద్దకడబూరు, గోనెగండ్ల, నందవరం మండలాల రైతులు ఏదో ఒక పని మీద ఈ రెండు ఊళ్లకు రాక తప్పదు. ఇప్పుడా పనుల్లో కాగితాల పని కూడా ఒకటయింది. పొలం 1-బి నకలు తీయాలన్నా, ఆధార్ కాపీ ఇవ్వాలన్నా, పిల్లల హాల్‌టికెట్టు కావాలన్నా కంప్యూటరు దుకాణం మెట్లెక్కవలసిందే. రాష్ట్ర ప్రభుత్వం 2025 జనవరి 30న వాట్సాప్ ద్వారా పౌరసేవలు ప్రారంభించాక కొన్ని పత్రాలు నేరుగా ఫోనుకే వస్తున్నాయి. అయినా ఫోనులోని పత్రం కాగితం మీదికి రావాలంటే ప్రింటరు ఉండాలి కదా!

పల్లెల్లోని చిన్న జిరాక్సు దుకాణాల్లోను, చదువుకునే పిల్లలున్న ఇళ్లలోను తరచు కనిపించే ఏర్పాటు ఒకటుంది. కంప్యూటర్లు రెండు ఉంటాయి. ఒకటి పాతది, మరొకటి కొత్తది. ప్రింటరు మాత్రం ఒక్కటే. అది ఒక కంప్యూటరుకు కట్టి ఉంటుంది. రెండో దానిలోని పత్రాన్ని పెన్‌డ్రైవులో ఎక్కించుకుని మొదటి దాని దగ్గరకు మోసుకురావాలి. ఈలోగా బెంచీ మీద జనం పెరుగుతారు. ఒక యంత్రంలోని వైరస్ పెన్‌డ్రైవు ఎక్కి రెండో యంత్రానికీ అంటుకుంటుంది. పని పూర్తికాక మర్నాడు మళ్లీ రమ్మంటే కూలీకి వెళ్లే మనిషికి ఒక రోజు సంపాదన పోయినట్లే.

ఈ అవస్థ తప్పించుకోవడానికి పెద్ద ఖర్చేమీ అక్కరలేదు. కంప్యూటర్లన్నింటినీ ఒకదానితో ఒకటి కలిపి, ప్రింటరును, ఫైళ్లను ఉమ్మడిగా వాడుకోవచ్చు. అయితే కలిపేటప్పుడు అజాగ్రత్తగా ఉంటే ప్రింటరుతో పాటు ఊరివారి ఆధార్ కాపీలు, పాసుపుస్తకాల నకళ్లు కూడా ఉమ్మడి అయిపోతాయి. అసలు చిక్కు ఇక్కడే ఉంది.

ఒక గిడ్డంగి... పలు మగ్గాలు

ఎమ్మిగనూరు వారికి ఈ ఉమ్మడి పద్ధతి కొత్తేమీ కాదు. మాచాని సోమప్ప 1938లో ఇక్కడ చేనేత సహకార సంఘం స్థాపించారు. 1954లో ఆయనకు పద్మశ్రీ పురస్కారం లభించింది. నూలు ఒకచోట నిల్వ ఉంటుంది, మగ్గాలు ఎవరి ఇంట్లో వారికి ఉంటాయి, నేసిన బట్ట మళ్లీ ఒకచోటికి చేరుతుంది. చేనేత సహకారానికి మూలసూత్రం ఇదే. కంప్యూటర్ల నెట్‌వర్కుదీ ఇదే తీరు. ఫైళ్లు ఒకచోట ఉంటాయి, పని పలుచోట్ల జరుగుతుంది, ముద్రణ ఒక యంత్రం మీద అవుతుంది.

ఇందులో కూడలి పాత్ర రూటరుది. ఫైబర్ ఇంటర్నెట్టు పెట్టించుకున్న ఇంట్లో గోడకు బిగించిన చిన్న పెట్టె సాధారణంగా ఈ పని కూడా చేస్తుంది. కంప్యూటర్లు, ప్రింటరు, ఫోనులు అన్నీ ఆ ఒక్క రూటరుకే, తీగతోనో వైఫైతోనో కలిసి ఉండాలి. తీగ వాడితే రూటరు నుంచి 100 మీటర్ల దాకా ఇబ్బంది లేదు.

చాలామందికి తెలియని విషయం మరొకటుంది. ఇంట్లోని యంత్రాలు తమలో తాము ఫైళ్లు పంచుకోవడానికి ఇంటర్నెట్టు అవసరం లేదు. బయట లైను తెగినా రూటరుకు కరెంటు ఉంటే చాలు, ఈ గదిలోంచి ఆ గదిలోని ప్రింటరుకు పత్రం వెళుతుంది. కనుక కరెంటు కోతలున్న పల్లెల్లో రూటరుకు ఒక చిన్న బ్యాటరీ ఏర్పాటు చేసుకోవడం మేలు.

మూడు దారులు

ప్రింటరును ఉమ్మడి చేయడానికి మూడు దారులున్నాయి.

మొదటిది, ప్రింటరు ఒక కంప్యూటరుకు కట్టి ఉండగానే ఆ కంప్యూటరు సెట్టింగుల్లో దానిని ‘షేర్’ చేయడం. దీనికి కొత్తగా కొనవలసింది ఏమీ లేదు. కాని ఆ కంప్యూటరు ఆపేస్తే మిగతా వారికి ముద్రణ ఆగిపోతుంది. అది నిద్రావస్థలోకి పోకుండా కూడా చూసుకోవాలి.

రెండోది, వైఫై గాని నెట్‌వర్కు తీగ రంధ్రం గాని ఉన్న ప్రింటరును నేరుగా రూటరుకు కలపడం. ఏ కంప్యూటరు ఆపినా పని ఆగదు. ఫోను నుంచి కూడా ముద్రించవచ్చు. కొత్తగా ప్రింటరు కొనేవారు ఈ రకమే ఎంచుకోవడం మంచిది.

మూడోది, రూటరుకే యూఎస్‌బీ రంధ్రం ఉంటే ప్రింటరును దానికి తగిలించడం. కాని ఈ సౌకర్యం అన్ని రూటర్లలో ఉండదు, అన్ని ప్రింటర్లతో పనిచేయదు.

నిన్నటిదాకా బాగా పనిచేసిన ప్రింటరు ఇవాళ కనిపించడం లేదన్నది తరచు వినే ఫిర్యాదు. చాలాసార్లు తప్పు ప్రింటరుది కాదు. రూటరు ప్రతి యంత్రానికి ఒక చిరునామా సంఖ్య ఇస్తుంది. కరెంటు పోయి వచ్చాక ఆ సంఖ్య మారిపోవచ్చు. కంప్యూటరు పాత చిరునామాలోనే వెతుకుతూ ఉంటుంది. రూటరు సెట్టింగుల్లో ప్రింటరుకు ఒక సంఖ్యను శాశ్వతంగా కేటాయిస్తే ఈ బాధ తీరుతుంది.

పాత, కొత్తల పేచీ

రకరకాల కంప్యూటర్లు ఒకదాని ఫైలు మరొకటి చదవాలంటే వాటి మధ్య ఒక ఉమ్మడి భాష ఉండాలి. కన్నడం, తెలుగు, ఉర్దూ మూడూ వినిపించే ఆదోని బజారులో బేరం కుదిరినట్లే ఇదీను. కంప్యూటర్ల లోకంలో ఆ బేరపు భాష పేరు ఎస్ఎంబీ. 1980లలో ఐబీఎం సంస్థలో పుట్టిన ఈ పద్ధతిని మైక్రోసాఫ్ట్ తన విండోస్‌లో వాడుకుంది. విండోస్ లేని కంప్యూటర్లకు కూడా ఈ భాష నేర్పడానికి 1990ల ఆరంభంలో ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్ అనే ఆయన ఒక ఉచిత సాఫ్ట్‌వేరు రాశారు. అదే సాంబా. లినక్స్ కంప్యూటరు, విండోస్ కంప్యూటరు ఒకే ఇంట్లో సఖ్యంగా ఉంటున్నాయంటే దాని చలవే.

మన ప్రాంతంలో ఇది పనికివచ్చే సంగతే. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. పాత కంప్యూటర్లలో చాలావాటికి విండోస్ 11 ఎక్కదు. వాటిని పాత సామాన్ల వారికి తూకానికి వేయనక్కరలేదు. ఉచితంగా దొరికే లినక్స్ ఎక్కించి, సాంబా పెట్టుకుంటే ఇంటి ఫైళ్లన్నీ దాచే గిడ్డంగిగా మరికొన్నేళ్లు పనిచేస్తాయి.

పాత పద్ధతులు నేర్చినవారికి కొన్ని మార్పులు తికమక పెడుతున్నాయి. విండోస్ 7తో వచ్చిన ‘హోమ్‌గ్రూప్’ను 2018లో విండోస్ 10 నుంచి తొలగించారు. 2021లో ముద్రణ వ్యవస్థలో పెద్ద లోపం బయటపడి, దానిని సరిచేసే క్రమంలో వచ్చిన మార్పుల వల్ల ఎందరికో ఉమ్మడి ప్రింటరు పనిచేయక, చివర 11బి అని ఉండే తప్పు సంఖ్య తెరపై కనిపించింది. ఇటువంటప్పుడు అన్ని కంప్యూటర్లలోను తాజా మార్పులు ఎక్కించుకోవడం సరైన మందు. రక్షణ తీసేసి పని కానివ్వడం ఇంటి తలుపు ఊడబెరికి గాలి రప్పించుకోవడం వంటిది.

2017 నేర్పిన పాఠం

ఆ తలుపు లేకపోతే ఏమవుతుందో 2017లో ప్రపంచమంతా చూసింది. ఆ ఏడాది మే 12న ‘వాన్నక్రై’ అనే వైరస్ 150కి పైగా దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లను పట్టుకుంది. ఫైళ్లన్నింటికీ తాళం వేసి, తీయాలంటే 300 డాలర్లు కట్టమంది. మన రాష్ట్ర పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్లు, తిరుమల తిరుపతి దేవస్థానంలోని కొన్ని కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి.

ఆ వైరస్ ఒక కంప్యూటరు నుంచి మరో కంప్యూటరుకు పాకడానికి ఎంచుకున్న దారి, మనం పైన చెప్పుకున్న ఫైళ్లు పంచుకునే దారే. ఎస్ఎంబీ మొదటి రూపంలోని లోపం దానికి సందయింది. ఆ లోపాన్ని పూడ్చే మరమ్మతును మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే, మార్చి 14న విడుదల చేసింది. ఎక్కించుకున్నవారికి ఆ దారి మూసుకుపోయింది. ఎక్కించుకోనివారిలో ఎందరో చిక్కారు.

కాబట్టి పాత ప్రింటరు పనిచేయడం కోసమని ఎవరైనా ఎస్ఎంబీ మొదటి రూపాన్ని మళ్లీ తెరవమంటే ఒప్పుకోవద్దు. అలాగే ఉమ్మడి ఫోల్డరులో ఫైలు ఉంది కదా, ఇక భద్రమే అనుకోరాదు. తాళం వేసే వైరస్ వస్తే ఉమ్మడి ఫోల్డరును కూడా వదలదు. ముఖ్యమైనవాటికి ఒక నకలు విడి డిస్కులో తీసి, ఆ డిస్కును కంప్యూటరు నుంచి ఊడదీసి బీరువాలో ఉంచుకోవాలి.

ఆవర్జా పెట్టెలోనే

మండీ వ్యాపారంలో చిట్టా, ఆవర్జా పుస్తకాలు గుమాస్తా పెట్టెలోనే ఉంటాయి. రైతు చేతికి వచ్చేది అతని లెక్క చీటీ ఒక్కటే. పక్క రైతు బాకీ ఎంతో అతనికి కనిపించదు. కంప్యూటరు పెట్టేవారు పాటించవలసిన నీతి కూడా ఇదే.

తేలిక కదా అని కొందరు డిస్కు మొత్తాన్ని, ‘అందరికీ’ అనే అనుమతితో, పాస్‌వర్డు లేకుండా షేర్ చేస్తారు. అదే వైఫై పాస్‌వర్డును వచ్చినవారికల్లా చెబుతారు. ఇక బెంచీ మీద కూర్చున్న ఎవరైనా తన ఫోనులోంచి దుకాణంలోని ఫైళ్లన్నీ చూడవచ్చు. వాట్సాప్‌లో వచ్చిన పత్రాలు, స్కాన్ చేసిన సంతకాలు అందులోనే పోగుపడి ఉంటాయి.

దీనికి కట్టడి కష్టం కాదు. ఉమ్మడి పనికి ఒక ఫోల్డరు విడిగా పెట్టి, దానినే షేర్ చేయాలి. నెట్‌వర్కు కోసం ఒక ఖాతా, దానికి గట్టి పాస్‌వర్డు పెట్టాలి. ఇక్కడ చాలామంది పొరబడుతున్నారు. కంప్యూటరు తెరవడానికి నొక్కే నాలుగంకెల పిన్ ఆ ఒక్క యంత్రానికే పరిమితం. రెండో యంత్రం అడిగినప్పుడు ఇవ్వవలసింది ఖాతా పాస్‌వర్డు. అసలు పాస్‌వర్డే లేని ఖాతాను నెట్‌వర్కు ద్వారా విండోస్ లోపలికి రానివ్వదు. చూడటానికి మాత్రమే అవసరమైనవారికి ‘రీడ్’ అనుమతి చాలు.

ఇంటి వైఫైని విండోస్‌లో ‘ప్రైవేట్’గా గుర్తించి షేరింగ్ తెరవాలి. బయటి ఊళ్లలో, లాడ్జీల్లో కలిపే వైఫైని ‘పబ్లిక్’గానే ఉంచాలి. వచ్చిపోయేవారికి రూటరులోని ‘గెస్ట్’ వైఫై వేరుగా ఇవ్వాలి. సాధారణంగా ఆ వైఫైలో ఉన్నవారికి దుకాణం యంత్రాలు కనిపించవు. ఇంట్లోవారి ఫోనుకు ప్రింటరు దొరకడం లేదంటే అది పొరపాటున గెస్ట్ వైఫైలో ఉందేమో ముందు చూసుకోవాలి. రూటరు కొన్నప్పటి పాస్‌వర్డును విధిగా మార్చాలి.

తెలుగు అక్షరం దారి తప్పితే

ఫైలు చేరినా అక్షరం చేరని సందర్భాలు ఉన్నాయి. పెళ్లి పత్రికలు, కరపత్రాలు తయారుచేసే డీటీపీ కేంద్రాల్లో అను ఫాంట్ల వాడకం ఎక్కువ. ఆ ఫాంట్లు లేని కంప్యూటరులో అదే ఫైలు తెరిస్తే తెలుగు బదులు పిచ్చిగీతలు కనిపిస్తాయి. వాటిని చూసి వైరస్ పట్టిందని భయపడనక్కరలేదు. యూనికోడ్‌లో టైపు చేసిన తెలుగు ఏ కంప్యూటరులోనైనా, ఫోనులోనైనా చదవడానికి వస్తుంది. అను ఫాంట్లు తప్పనప్పుడు ఫైలును పీడీఎఫ్‌గా మార్చి ప్రింటరున్న కంప్యూటరుకు పంపితే అక్షరం చెదరదు. పెళ్లి తేదీ తప్పు పడితే సరిదిద్దుకోవచ్చు గాని, కోర్టు కాగితంలో సర్వే నంబరు చెదిరితే చిక్కే!

రైతులు అడగవలసినవి

పత్రం ఇచ్చేవారికీ ఒక బాధ్యత ఉంది. ప్రింటు చేతికి అందగానే తమ ఫైలును ఎదుటే చెరిపివేయమని అడగాలి. వాట్సాప్ సంభాషణలోను, డౌన్‌లోడ్స్ ఫోల్డరులోను, చెత్తబుట్టలోను మూడుచోట్లా చెరిపితేనే చెరిపినట్లు. ఆధార్ సంస్థ వెబ్‌సైటులో చివరి నాలుగంకెలు మాత్రమే కనిపించే కాపీ దొరుకుతుంది. పూర్తి సంఖ్య అవసరం లేనిచోట ఆ కాపీ ఇస్తే సరిపోతుంది. సరిగా రాక పక్కన పడేసిన ప్రింటును కూడా అడిగి తీసుకుని చింపివేయాలి.

వ్యక్తుల వివరాల రక్షణకు పార్లమెంటు 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చేసింది. దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. కాని ఢిల్లీ చట్టం పల్లె దుకాణంలోని ఫోల్డరుకు తాళం వేయదు. ఆ తాళం దుకాణదారే వేయాలి. వేశాడో లేదో అడగవలసింది పత్రం ఇచ్చిన రైతే.

దుకాణాలు నడిపేవారు రోజూ షట్టరు దించే ముందు ఉమ్మడి ఫోల్డరును ఖాళీ చేయడం అలవాటు చేసుకుంటే అయిదు నిమిషాల పని. కాగితం త్వరగా అందితే రైతుకు ఒక పూట కలిసివస్తుంది. అదే కాగితం పరాయివాడి చేతిలో పడితే అతను పొలం వదిలి ఎన్నిసార్లు ఆఫీసుల చుట్టూ తిరగవలసి వస్తుందో చెప్పలేం.