రెండవ తెరకు పట్టీ

పత్తికొండలో ఒక ఉపాధ్యాయుడు లైనక్స్ కంప్యూటరుకు ప్రొజెక్టరు తగిలించి వృక్షకణమును చూపుచున్నాడనుకొందము. గోడమీది తెర అడుగున "త్రైమాసిక ప్రశ్నపత్రము" అను పేరు కనబడినచో పిల్లల చూపు కణముపై నిలుచునా?

తెరచియున్న కిటికీల పేర్లను, గడియారమును తెర అంచున చూపు పట్టీయే ప్యానెల్. అది ఏ తెరపై నుండవలెనో మనమే నిర్ణయింపవచ్చును.

రెండు తెరలను పక్కపక్కన చేర్చినపుడు కంప్యూటరు వాటిని ఒకే వెడల్పాటి బల్లగా ఎంచును. ఒక్కొక్కటి 1920 చుక్కల వెడల్పైన, బల్ల 3840 చుక్కలు. అయినను ప్రతి తెరకును వేరు పేరుండును. ప్రొజెక్టరు పేరు తరచుగా "హెచ్‌డిఎంఐ-1" వంటిది. పట్టీని ఈ పేరుతోనే ముడివేయుదుము.

1996లో మొదలైన ఎక్స్‌ఎఫ్‌సిఇ డెస్క్‌టాప్‌లో పద్ధతి ఇది: ప్రొజెక్టరు తగిలించి, పట్టీపై మౌసు కుడిమీట నొక్కి "ప్యానెల్ ప్రిఫరెన్సెస్" తెరువుడు. "డిస్‌ప్లే" భాగములోని "ఔట్‌పుట్" వద్ద మీ కంప్యూటరు తెర పేరు నెన్నుకొనుడు. తరువాత కూడిక గుర్తు నొక్కిన మరొక పట్టీ వచ్చును. దానికి ప్రొజెక్టరు పేరు నిండు. "ఐటమ్స్" భాగములో దానికి గడియారము మాత్రము చేర్చుడు. కిటికీల పేర్లు చూపు "విండో బటన్స్" అక్కడ వద్దు; అది రెండు తెరల కిటికీలను ఒకచోటనే చూపగలదు.

ప్రొజెక్టరు తీసివేసిన, దానితో ముడిపడిన పట్టీ మరుగగును. మరల తగిలించిన తిరిగివచ్చును. ముఖ్యమైన పట్టీని ప్రొజెక్టరుకు ముడివేయరాదనుటకు కారణమిదే.