మత్తులో ఏనుగు ఊపిరి

రాగి కోతల కాలంలో బన్నేరుఘట్ట వైపు నుంచి ఏనుగులు జవళగిరి, డెంకణికోట అడవుల మీదుగా మన హోసూరు దాకా వస్తాయి. ఊళ్లమీద పడే ఒంటరి ఏనుగును తరలించాలంటే మత్తు సూది తప్పదు. 2023లో పొరుగున ధర్మపురి జిల్లా పాలక్కోడు దగ్గర మఖ్నాను, అంటే దంతాలు లేని మగ ఏనుగును, అలాగే పట్టి టాప్‌స్లిప్ అడవికి చేర్చారు.

సూది తగలగానే పని అయిపోయిందనుకుంటాం. అసలు గండం అప్పుడే మొదలు. ఏనుగు ఊపిరితిత్తులు ఛాతీ గోడకు అంటుకునే ఉంటాయి. ఛాతీ కదిలితేనే ఊపిరి. బోర్లా కూలబడితే సొంత బరువే నొక్కేస్తుంది. అందుకే నిలబడగలిగేంత మత్తే ఇచ్చి, కుంకీ ఏనుగుల సాయంతో లారీ ఎక్కిస్తారు. పడిపోతే పక్కకు తిప్పాలి, తొండం మడతపడకుండా చాచాలి, ఊపిరి లెక్కపెట్టాలి, ఒంటిమీద నీళ్లు పోయాలి.

అప్పిచ్చేముందే వసూలు దారి చూసుకున్నట్టు, మత్తుకు ముందే విరుగుడు మందు చేతిలో ఉండాలి. మన వంతు ఒక్కటే: వేడుక చూడ్డానికి గుంపుగా ఎగబడకపోవడం. బెదిరి పరుగెత్తిన ఏనుగుకు ఒళ్లు కాగి, ఊపిరి మరింత కష్టమవుతుంది.