మంద అడిగే ఉప్పు

డోన్ నుంచి ప్యాపిలి వైపు పోయే దారిలో పొద్దు వాలే వేళ గొర్రెల మందను గమనించండి. కాపరి గుప్పెడు కల్లుప్పు తీసి నాపబండ మీద చల్లాడో లేదో, అంతవరకూ ఎంత అదిలించినా కదలని పొట్టేలు కూడా ముందున్న వాటి వీపులెక్కి మరీ వచ్చేస్తుంది. ఉప్పు అయిపోయినా నాలుకలు ఆగవు. తడిసిన బండను గరగరా నాకుతూనే ఉంటాయి. ‘రుచి మరిగాయి’ అని నవ్వుతారు చూసేవాళ్ళు. సంగతి రుచితో తేలేది కాదు.

గడ్డిలో, చొప్పలో పొటాషియం మెండు, సోడియం బహు తక్కువ. పులికి ఈ చిక్కు లేదు, వేటాడిన జంతువు నెత్తుటిలోనే దానికి కావలసినంత దొరుకుతుంది. మేసేవాటికే వచ్చింది బాధంతా. తొలకరికి మొలిచే లేత పచ్చికలో నీరూ పొటాషియమూ మరీ ఎక్కువ. అందుకే కడుపు నిండా మేత దొరికే రోజుల్లోనూ ఉప్పు కోసం తహతహ తగ్గదు.

గొర్రె నోట్లో రోజూ లీటర్ల కొద్దీ లాలాజలం ఊరుతుంది. కడుపులో పులుపును విరిచేందుకు అందులో సోడియం దండిగా ఉంటుంది. మింగగానే తిరిగి ఒంటికి పడుతుంది కాబట్టి నష్టం లేదు. ఆస్ట్రేలియా శాస్త్రవేత్త డెరెక్ డెంటన్ మెల్‌బోర్న్‌లో కొన్ని గొర్రెల్లో ఒక లాలాజల నాళాన్ని బయటికి మళ్ళించి, ఆ సోడియం కారిపోయేలా చేశాడు. ఆ గొర్రెల ముందు ఉప్పునీళ్ళు పెడితే, ఎంత పోయిందో దాదాపు అంతకు సరిపడా తాగి మూతి తిప్పేసుకునేవి. తాగింది రక్తంలో పూర్తిగా కలవకముందే ‘ఇక చాలు’ అని వాటికెలా తెలిసింది? ఇలాంటి ప్రశ్నల మీదే దశాబ్దాలు గడిపి 1982లో ‘ద హంగర్ ఫర్ సాల్ట్’ అనే ఉద్గ్రంథం రాశాడాయన.

నన్ను అంతకంటే ఆశ్చర్యపరిచింది ఎలుకల ముచ్చట. మిషిగన్ విశ్వవిద్యాలయంలో రాబిన్సన్, బెరిడ్జ్ 2013లో ప్రచురించిన ప్రయోగమది. గోడలోంచి ఒక మీట బయటికి రాగానే ఎలుక నోట్లో 9 శాతం ఉప్పునీరు పడుతుంది. సముద్రపు నీటిలో ఉండేది మూడున్నర శాతమే! కొన్ని రోజులు పోయేసరికి మీట కనబడితే చాలు, ఎలుకలు అవతలి గోడకు నక్కేవి. తర్వాత మందులిచ్చి వాటి ఒంట్లో సోడియం కొరత తెచ్చారు. పుట్టి బుద్ధెరిగాక ఆ కొరత ఎలా ఉంటుందో వాటికి తెలియదు. ఉప్పు తియ్యగా తగిలిన అనుభవమూ లేదు. అయినా మర్నాడు మీట కనబడగానే ఎగబడి దాన్ని కొరికాయి, నోట్లో ఒక్క చుక్కా పడకుండానే. పాత పాఠం చెరిగిపోలేదు, దాని విలువ తిరగబడింది. సోడియం తగ్గినప్పుడు పెరిగే ఆల్డోస్టిరాన్, యాంజియోటెన్సిన్ హార్మోన్లు మెదడులో కోరికను పుట్టించే భాగాల్ని తట్టిలేపడమే దీనికి మూలం.

మనుషుల్లోనూ ఒక విషాద ఉదంతం ఉంది. అడ్రినల్ గ్రంథులు చెడిపోయిన మూడున్నరేళ్ళ అమెరికా పిల్లవాడొకడు బిస్కెట్ల మీది ఉప్పు నాకి పారేసేవాడు, ఉప్పు డబ్బా కోసం మారాం చేసేవాడు. ఆసుపత్రిలో చేర్చి అందరికీ పెట్టే భోజనమే పెడితే వారంలో పోయాడు. విల్కిన్స్, రిక్టర్ అనే పరిశోధకులు 1940లో ఆ కేసును వెల్లడించారు. మన పచ్చళ్ళ మీది మోజును మాత్రం ఆ లెక్కలో వేసుకోకండి, అది అచ్చంగా నాలుక చాపల్యం.

ఆళ్ళగడ్డ దాటి నల్లమలలోకి వెళితే దుప్పులు, కణుజులదీ ఇదే అవస్థ. అందుకే అటవీ శాఖ నీటి గుంటల దగ్గర ఉప్పుగడ్డలు పెడుతుంది. సోడియానికి ఉన్నంత సూటి ఆకలి మిగతా ఖనిజాలకు ఉన్నట్టు కనబడదు. భాస్వరం తగ్గిన పశువు ఎముకలు, గుడ్డపీలికలు కొరుకుతుంది తప్ప తనకేం కావాలో సరిగ్గా పట్టుకోలేదు. పశువుల డాక్టర్లు చెప్పే లవణ ఇటుకలోని కిటుకు ఇక్కడే ఉంది. గొర్రె వచ్చేది ఉప్పు కోసం, దాంతోపాటే జింకు, భాస్వరం కడుపులోకి పోతాయి.

అయితే ఉప్పు పెట్టిన చోట నీళ్ళ తొట్టి నిండుగా ఉండాలి. చాలాకాలం ఉప్పుకు మొహం వాచిన మందకు ఒక్కసారిగా కుప్ప పోసి నీళ్ళు అందకుండా చేస్తే అదే విషమై కూర్చుంటుంది, డోన్ ఎండలకు మరీ ప్రమాదం. ఇటుక కట్టినా మంద దాని మొహం చూడలేదంటే తాగే బోరు నీళ్ళు ఎంత ఉప్పగా ఉన్నాయో చూసుకోవాలి. కావలసింది వాటికి అక్కడే అందుతూ ఉండొచ్చు.